మూడు రోజుల తర్వాత గుర్తుచేయి

మా మేనమామ మలేసియాలోని సుంగై సిపుట్‌లో ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపాడు. పిల్లలు ఎంత గోల చేస్తున్నా చివరి సీటు దాకా వినబడే గొంతు ఆయనది. యాభై ఏడో ఏట నరాల జబ్బు పట్టుకుంది. ముందు కుడి చెయ్యి పోయింది, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత ఎడమ చెయ్యి. మాట కూడా పోతుందనీ, కళ్ళు మాత్రం చివరిదాకా పనిచేస్తాయనీ ఇపో పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పినప్పుడు మామ నా వైపు తిరిగాడు.

"అయితే కళ్ళతోనే తిడతాను లా," అన్నాడు. మలేసియాలో అందరి మాటల చివరా వచ్చే ఆ 'లా' కూడా అప్పటికే ముద్దగా వస్తోంది.

నేను క్లాంగ్‌లో ఒక బడిలో కంప్యూటర్ గది చూసుకుంటాను. పాఠాలు చెప్పను. నలభై కంప్యూటర్లు తెల్లారి పనిచేసేలా ఉంచడం, తెగిన తీగలు మార్చడం, కీబోర్డు మీద పిల్లలు టీ ఒలకబోస్తే తుడవడం నా పని. మా వాళ్ళ దృష్టిలో మాత్రం కంప్యూటర్ అంటే నేనే. అందుకే మామ గొంతు పోకముందే దాన్ని దాచిపెట్టే పని నాకు అప్పగించారు.

వరసగా కొన్ని శనివారాలు వెళ్ళి ఆయన మాటలు రికార్డు చేశాను. గెడ్డం కింద ఫోను పెట్టి, ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగి, ఒక్కొక్క మాటే. నేను రాసుకెళ్ళినవన్నీ అవసరానికి పనికొచ్చే మాటలు. దిండు పైకి లాగు. కాలు పట్టేసింది. ఫ్యాను తగ్గించు. దోమ. అవి అయ్యాక మామ తనకి కావలసినవి చెప్పాడు. "ఏటి అలగ సూస్తన్నావు?" ఒకటి. "నాను సచ్చిపోనేదు, నిద్దరోతన్నాను," ఇంకొకటి. అత్త వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇవేటి మాటలు? నాలుగు మంచి మాటలు సెప్పరాదేటి?"

"మంచి మాటలు ఎవులైనా సెప్తారు. ఇవి నాను తప్ప ఇంకెవులూ సెప్పరు," అన్నాడు మామ. దాన్ని కూడా రికార్డు చేశాను.

ఆ తర్వాతి ఏడాదికి గొంతు పూర్తిగా పోయింది. అప్పటికి కంప్యూటర్ సిద్ధంగా ఉంది. మామ వాలుకుర్చీ ముందు ఒక స్టాండు మీద తెర, తెర అంచున చూపుని పట్టే సన్నటి కెమెరా. తెరమీద గళ్ళు. ఏ గడిమీద ఒక్క క్షణం చూపు నిలిపితే ఆ మాట ఆయన గొంతుతోనే పలుకుతుంది. అక్షరాల గళ్ళు కూడా ఉన్నాయి. మామ చదివింది తమిళ బడిలో, తెలుగు అక్షరాలు రావు. అందుకని తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటిగా చూస్తూ కూర్చి నా ఫోనుకి పంపేవాడు. కింద కుడి మూలన ఒక ఎర్ర గడి. దాన్ని చూస్తే పక్కింటామె ఫోను మోగుతుంది. పక్కింటామె మలయ్ మనిషి, మేమంతా మక్ చిక్ అంటాం, అంటే పిన్నిలాంటి పిలుపు. ఇంట్లోనే కుట్టుపని చేసుకునేది. మా తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గర ఉండేది.

ఆ ఎర్ర గడి వల్లే అత్త పనికి వెళ్ళగలిగేది. ఆవిడ ఒక బడి కాంటీన్‌లో పొద్దున్న పూట వండుతుంది. ఆరున్నరకి వ్యాను వస్తుంది, పదకొండున్నరకి దింపుతుంది. మామ జబ్బు పడ్డాక మానేస్తానంటే ఆయనే ఒప్పుకోలేదు. అత్త తమిళ పిల్ల. పెళ్ళై వచ్చాక అత్తగారి దగ్గర తెలుగు నేర్చుకుని, ఆ ఇంట్లో అందరికీ వండి, అందర్నీ సాగనంపింది. కాంటీన్‌లో తన ఈడు ఆడవాళ్ళు నలుగురితో కలిసి ఉల్లిపాయలు తరుగుతూ నవ్వుకునే ఆ అయిదు గంటలే ఆవిడ సొంతం. మామకి ఆ సంగతి తెలుసు.

పొద్దున్నే అత్త కంప్యూటర్ మీట నొక్కేది. అది దానంతట అదే లేచి, ఏమీ అడక్కుండా గళ్ళు చూపించేది. నేనే అలా అమర్చాను. ఎనిమిది నెలలు అలాగే నడిచింది.

ఒక మంగళవారం ఆరింటికి అత్త ఫోను చేసింది. నేను అప్పుడే కారు తీస్తున్నాను.

"అమ్మాయ్, బొమ్మ మారిపోనాది. గళ్ళు రాలేదు. ఎన్నమో అడుగుతంది."

భయం వేస్తే అత్త తెలుగులో తమిళం కలుస్తుంది.

"ఏం అడుగుతోందత్తా?"

"పేరు అడుగుతంది. వేలు పెట్టమంటది. ముకం సూపించమంటది. ఇంకా బాగా వాడుకోవాలంటే ఇది సెయ్యి, అది సెయ్యి అంటంది. మీ మామ కళ్ళు ఎర్రగా సేసి నన్నే సూస్తన్నాడు. నానేటి సేసినాను?"

నాకు అర్థమైంది. రాత్రి అప్‌డేట్ వచ్చింది. అప్‌డేట్ తర్వాత కొన్నిసార్లు కంప్యూటర్ కొత్తగా కొన్నట్టు మళ్ళీ మొదటి నుంచీ పలకరిస్తుంది. అమరిక పూర్తి చేద్దామంటుంది. తెరంతా ఆ పేజీయే నిండిపోతుంది, వెనక ఏమున్నా కనబడదు. మా బడిలో ఆ పేజీ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పిల్లలు దాన్ని చదవను కూడా చదవరు, చేత్తో ఒక నొక్కు నొక్కి ఆటలోకి వెళ్ళిపోతారు.

"కింద చిన్న అక్షరాలతో ఏదైనా ఉందా అత్తా?"

కంప్యూటర్‌ని మలయ్ భాషలోనే పెట్టాను కాబట్టి ఆవిడ చదవగలదు. కూడబలుక్కుంటూ చదివింది.

"ఉన్నాది. మూడు దినాలు పోయినాక గుర్తుసేస్తానంటంది."

"అదే నొక్కు."

నొక్కింది. ఆపైన ఫోన్లోంచి మామ గొంతు గట్టిగా వినబడింది. "ఏటి అలగ సూస్తన్నావు?" అత్త పకపకా నవ్వింది, నేనూ నవ్వాను. ఫోను సంచిలో పడేసి బడికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత దాని సంగతే మర్చిపోయాను. నాకు ఉన్న సాకు అదొక్కటే, అదీ మంచి సాకు కాదు. మూడు రోజుల తర్వాత గుర్తుచేస్తానని ఆ కంప్యూటర్ స్పష్టంగా చెప్పింది. చెప్పిన మాట తప్పలేదు.

శుక్రవారం పొద్దున్న వ్యాను కాస్త ముందే వచ్చి హారన్ కొట్టింది. అత్త కంప్యూటర్ మీట నొక్కి, మామ నుదుట చెయ్యి పెట్టి చూసి, గళ్ళు వచ్చేదాకా నిలబడకుండా పరుగెత్తింది. మంగళవారం ఒక్కసారి తప్ప అన్నాళ్ళూ రాకుండా ఉండలేదు కదా, అదీ ఒక్క నొక్కుతో పోయింది. ఆవిడ వీధి మలుపు తిరిగే సరికి తెరమీదకి వచ్చింది గళ్ళు కాదు, ఆ పేజీ.

మామ చేతులు కదలవు. నోరు పలకదు. ఎర్ర గడి ఆ పేజీ వెనక ఎక్కడో ఉంది. ఆయన ఎంత చూసినా ఆ పేజీకి చూపు అర్థం కాదు. దానికి వేలు కావాలి.

ఆయన కుర్చీ తూర్పు కిటికీ పక్కన ఉంటుంది, పొద్దున్నే వీధిలో పోయేవాళ్ళని చూడడం ఆయనకి ఇష్టం. తొమ్మిది అయ్యేసరికి ఎండ నేరుగా మొహం మీద పడుతుంది. రోజూ ఆ వేళకి ఎర్ర గడి చూసేవాడు, మక్ చిక్ వచ్చి కిటికీ తెర లాగి, రెండు గుక్కలు నీళ్ళు తాగించి వెళ్ళేది. ఆ రోజు ఆవిడ ఫోను మోగలేదు. నిద్రపోయాడేమో అనుకుంది. ఒకసారి అలాగే పిలవకుండా లోపలికి వెళితే, "నాను సచ్చిపోనేదు, నిద్దరోతన్నాను," అని కంప్యూటర్ అరిచిందట. మాట అర్థం కాకపోయినా కోపం అర్థమైంది. అప్పటి నుంచి పిలిస్తేనే వెళ్ళేది. మోగలేదంటే బాగున్నాడనే ఆవిడ లెక్క. ఆ లెక్క చెప్పింది కూడా నేనే.

పదకొండున్నరకి అత్త తలుపు తీసింది. మామ మొహం ఒక పక్కంతా కమిలిపోయి ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు, రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒళ్ళంతా తడిసిపోయింది. అత్త పిలిస్తే కళ్ళు తెరిచాడు. ఆ తెరవడం చూశాకే తనకి ఊపిరి వచ్చిందని అత్త తర్వాత చెప్పింది.

నాకు ఫోను చేసినప్పుడు ఏడుస్తూనే ఉంది.

"నాను ఇంకెల్లను. కాంతీన్ వద్దు, ఏటీ వద్దు. ఈ పెట్టెని నమ్మీసి మనిసిని వదిలీసి ఎల్లిపోనాను. నాదే తప్పు."

"నీది కాదత్తా. ఆ మూడు రోజుల మీట నొక్కమన్నది నేనే."

ఆవిడ కాదనలేదు. కాదనకపోవడమే నాకు మేలైంది. శనివారం తెల్లారకముందే బయల్దేరాను. క్లాంగ్ నుంచి సుంగై సిపుట్ మూడు గంటల దారి. ఎక్కడా ఆగలేదు.

అత్త మామ మొహానికి కలబంద గుజ్జు రాసి ఉంచింది. ఉదయమే క్లినిక్ నర్సు వచ్చి చూసిందట, పైచర్మం కమిలింది తప్ప భయం లేదందట. కళ్ళు వాచి ఉండడంతో కెమెరా చూపుని సరిగా పట్టడం లేదు. నేను వెళ్ళి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. మామ అక్షరాల గళ్ళవైపు చూడడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క అక్షరం పడడానికి మామూలుకంటే రెండింతలు పట్టింది. మేమిద్దరం కదలకుండా చూస్తూ ఉన్నాం. చివరికి తెరమీద ఇలా తేలింది.

"ఒక్క నిమిసం పడతాది అని రాసినాది. అయిదు గంటలు సదివినాను. కంటతా వచ్చీసినాది."

నవ్వాలో ఏడవాలో తెలియక అత్త వైపు చూశాను. అత్త కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వుతోంది. నాకు కూడా నవ్వొచ్చింది, దాంతోపాటు రాకూడదనుకున్నది కూడా వచ్చింది.

పని మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు కంప్యూటర్లతో ఉండి కూడా ఆ పేజీ ఎక్కడినుంచి వస్తుందో నేనెప్పుడూ వెతకలేదు. చేయి ఉన్నవాళ్ళకి వెతికే పని పడదు. ఆ రోజు వెతికితే, నోటిఫికేషన్ల అమరికలో అట్టడుగున, ఎవరూ దిగని చోట, మూడు టిక్కులు వరసగా ఉన్నాయి. అప్‌డేట్ తర్వాత కొత్త సంగతులు చూపించాలా అని ఒకటి. అమరిక పూర్తిచేయమని గుర్తుచేయాలా అని ఒకటి. సలహాలు ఇవ్వాలా అని ఇంకొకటి. మూడూ తీసేశాను. అత్త నా భుజం మీదుగా చూస్తోంది.

"ఇంతేనా?"

"ఇంకా ఉన్నాయత్తా."

కంప్యూటర్‌లోకి సైన్ ఇన్ అయ్యే అమరికల్లో ఇంకొకటి దొరికింది. అప్‌డేట్ అయ్యాక మిగతా పని మనల్ని పిలవకుండా అదే ముగించుకునే వీలు. అది పెట్టాను. ఇంకా లోపల, మామూలు మనుషులు తెరవని అమరికల్లో, సైన్ ఇన్ కాగానే సొంత వివరాల గురించిన ప్రశ్నలు అడగవద్దని చెప్పే మాట ఒకటి ఉంది. అదీ పెట్టాను. అప్‌డేట్లు ఆదివారం మధ్యాహ్నం మాత్రమే, అత్త ఇంట్లో ఉన్నప్పుడే దిగేలా మార్చాను.

"ఇవన్నీ ఉన్నాయని నీకు ముందే తెలీదేటి?" అంది అత్త. నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామని.

"తెలీదత్తా. తెలుసుకోవాలని అనుకోలేదు."

అంతా అయ్యాక కూడా నాకు ఒకటి మనసులో పీకుతూనే ఉంది. మక్ చిక్ లెక్క. మోగకపోతే బాగున్నట్టు. పెట్టె చచ్చిపోయినా మోగదు, మామ బాగున్నా మోగదు. ఆ రెండూ ఆవిడకి ఒకేలా వినబడతాయి. అందుకని దాన్ని తిరగేశాను. రోజూ గళ్ళు తెరమీదకి రాగానే కంప్యూటరే ముగ్గురి ఫోన్లకి, అత్తకి, మక్ చిక్‌కి, నాకు, "తెరుచుకుంది" అని ఒక కబురు పంపాలి. ఏడింటికల్లా అది రాకపోతే ఎవరూ ఆలోచించకుండా లోపలికి వెళ్ళాలి.

మక్ చిక్ ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆవిడ కుట్టుమిషను ఆపి విన్నది. ఆవిడ కళ్ళ కింద నల్లగా ఉంది, ఆ రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"గోడకి ఇటు పక్కనే ఉన్నాను," అంది మలయ్‌లో. "పాట పెట్టుకుని కుడుతూ ఉన్నాను."

"మీకు తప్పుడు లెక్క చెప్పింది నేను, మక్ చిక్. ఇప్పుడు మార్చాను."

ఆవిడ కొత్త లెక్కని రెండుసార్లు తిరిగి చెప్పింది. నాతోపాటు వచ్చి, మామ ముందు నిలబడి, రేపటి నుంచి తిట్టినా సరే తొమ్మిదింటికి లోపలికి వస్తానని వేలు చూపించి మరీ చెప్పింది. మామ ఆవిడవైపు చూసి రెప్పలు రెండుసార్లు ఆర్పాడు. అంటే సరే అని.

ఆ రోజు కంప్యూటర్‌ని ఎన్నిసార్లు ఆపి తిరిగి పెట్టానో. రావలసిన చిన్న అప్‌డేట్ ఒకటి ఉంటే దాన్ని దింపి కూడా చూశాను. ప్రతిసారీ నల్ల తెర, తర్వాత నీలం, తర్వాత గళ్ళు, ఆ వెంటనే మూడు ఫోన్లూ ఒక్కసారి మోగడం. ఆరోసారో ఏడోసారో గళ్ళు వచ్చీరాగానే మామ గొంతు ఖంగుమంది. "సాల్లే. టీ ఇయ్యి."

ఆయనకి టీ చిక్కగా చేసి చెంచాతో పోయాలి. అత్త పోస్తూ ఉండగా నేను కాంటీన్ సంగతి ఎత్తాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"వద్దు లా. నాకు ఆ కమిలిపోయిన ముకమే కనపడతంది ఇంకా."

మామ టీ మింగి అక్షరాలకేసి తిరిగాడు. చాలాసేపు పట్టింది. అత్త చెంచా అలాగే పట్టుకుని నిలబడింది.

"నువ్వు రోజంతా ఇంట్లో ఉంటే నాకు తిట్లు అయిపోతాయి."

"అయిపోనీ," అంది అత్త.

మామ మళ్ళీ చూడడం మొదలుపెట్టాడు. ఈసారి చిన్నమాటే. "అక్కడ నవ్వుతావు."

అత్త చెంచా గిన్నెలో పెట్టి ఆయన మూతి తుడిచింది. కాసేపటికి, "పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చి పోనియ్యి. దాన్ని నా కళ్ళతో సూసినాక ఎల్తాను," అంది. బేరం కుదిరింది.

ఆ పెద్ద అప్‌డేట్ మూడు వారాలకి వచ్చింది. ఈలోగా మామ మొహం మీది చర్మం పొరలుగా ఊడి కొత్తది వచ్చింది. అత్త ఇంట్లోనే ఉంది, కాంటీన్ వాళ్ళు వేరే మనిషిని పెట్టుకోకుండా ఆగారు. రోజూ ఆరూ ఇరవైకి నా ఫోను "తెరుచుకుంది" అనేది. నేను దాన్ని చూశాకే కారు దిగి బడిలోకి వెళ్ళేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం అప్‌డేట్ దిగిందని అత్త చెప్పింది. సోమవారం పొద్దున్న పరీక్ష. ఆ రోజు నేను మామూలుకంటే ముందే బడికి వెళ్ళి కూర్చున్నాను. ఫోను బల్లమీద పెట్టుకున్నాను. తొందరపడి ఫోను చేయకూడదని అత్తా నేనూ ముందే అనుకున్నాం. అత్త మీట నొక్కి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, వరండాలో నిలబడాలి. లోపల ఆయన, పెట్టె మాత్రమే ఉండాలి. అది ఎవరూ లేనప్పుడు ఏం చేస్తుందో చూడాలి.

ఆరూ ఇరవై అయింది. ఆరూ ఇరవై అయిదు. అప్‌డేట్ తర్వాత మొదటిసారి లేవడానికి ఆలస్యమవుతుందని నాకు తెలుసు. అయినా ఫోను తెర ఆరిపోకుండా వేలితో తడుతూనే ఉన్నాను. ఆరూ ముప్ఫై రెండుకి ఫోను మోగింది.

"తెరుచుకుంది."

కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాను. దాని వెనకే ఇంకో కబురు వచ్చింది. అది కంప్యూటర్ పంపింది కాదు, ఒక్కొక్క అక్షరం చూపుతో కూర్చింది.

"ఏటీ అడగనేదు. మీ అత్త వరండాలో నిలబడి సెప్పులు ఎతుకుతంది. కాళ్ళకే ఉన్నాయి."

పది నిమిషాలకి అత్త వ్యానులోంచి ఫోను చేసింది. వెనక ఆడవాళ్ళ మాటలు, ఎవరో బిగ్గరగా నవ్వడం.

"వచ్చీసినాది అమ్మాయ్! నొక్కినాను, బయటికి వచ్చినాను, అదే వచ్చీసినాది. కిటికీలోంచి సూసినాను. ఏటీ అడగనేదు."

"వెళ్తున్నావా మరి?"

"ఎల్తన్నాను. వీళ్ళు నా ఉప్మా ఉప్పులేకుండా సేసీసినారంట మూడు వారాలూ. ఉంటాను లా."

ఫోను పెట్టేసింది. తొమ్మిదింటికి మక్ చిక్ లోపలికి వెళ్ళి కిటికీ తెర లాగిందని, మామ తిట్టలేదని, ఆవిడే ఒక ఫోటో పంపింది. ఫోటోలో మామ నీడలో ఉన్నాడు.

మధ్యాహ్నం విరామంలో మా బడి కాంటీన్‌కి వెళ్ళి కొబ్బరిపాలతో వండిన అన్నం, నాసి లెమాక్, రెండు పొట్లాలు కొనుక్కుని, రెండూ తినేశాను. ఇన్నాళ్ళూ నేను సరిగా తినలేదని రెండో పొట్లం విప్పుతున్నప్పుడు గానీ నాకు తెలియలేదు.